మద్దెల ఓడు

"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెతను నేను ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. చెప్పే తీరు కూడా మారలేదు. సామెత చెప్పడం, "ఓడు" అంటే బీటవారినదని అర్థం చెప్పడం, చేతగానివాడు పనిముట్టును తిట్టుకుంటాడని రెండు మాటలు అనడం, పిల్లలు నవ్వడం, గంట కొట్టడం. 2023 జూన్ ఆఖరున మాత్రం వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి నిలబడి, "సార్, ఆ మద్దెలను ఎవరైనా చూశారా? అది నిజంగానే ఓడైతే?" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. మరొక రోజైతే నేనూ నవ్వి, "కూర్చోవయ్యా పండితుడా" అని ఉండేవాణ్ణి. ఆ రోజు నవ్వలేకపోయాను. ఎందుకంటే అప్పటికి నెల రోజులుగా ఎల్.బి. నగర్‌లో ఒక పెద్దమనిషి, ఆడలేకపోయింది తానేనని తీర్పు చెప్పుకుని, తిండి మీద ధ్యాస లేకుండా ఉన్నారు. ఆయన విషయంలో మద్దెల ఒక రైఫిలు. ఆ తీర్పుకు దారి తీసిన పరీక్ష చేయించింది నేను.

ఆయన మా పెద్దనాయన. వయస్సు 84. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. పెద్దమ్మ పోయినప్పటినుంచీ వంటమనిషి తోడుగా ఒక్కరే ఉంటున్నారు. నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి మూడో స్టేషను ఎల్.బి. నగర్. అందుచేత వారానికి రెండుసార్లయినా వెళ్ళి పలకరించి వస్తుంటాను.

రైఫిలు మా తాతగారిది. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయినప్పుడు ఒక జాగీర్దారు అమ్ముకుంటుంటే, అచ్చంపేట ప్రాంతంలో వ్యవసాయం చేసుకునే మా తాతగారు మోజుపడి కొన్నారు. ఇంగ్లండులో తయారైన బోల్టు రైఫిలు. కాలిబరు .375, అంటే గొట్టం నోరు దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఆ తూటాను 1912లో లండనులోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ తెచ్చింది. అందులోని గుండు 300 గ్రెయిన్లు, మన లెక్కలో 19 గ్రాముల పైమాట. అడవిదున్నల వంటి పెద్ద జంతువులకు సరిపడే సరంజామా. పేలినప్పుడు పట్టాళంవారి పాత .303 కంటే రెట్టింపు బలంతో భుజాన్ని తన్నుతుంది. "తాత రైఫిలు తప్పదు" అన్నది మా ఇంట్లో వేదవాక్యం.

ఆ వేదవాక్యం 1966లో ఒక్కసారి తప్పింది.

అప్పుడు పెద్దనాయనకు 27 ఏళ్ళు. మన్ననూరు అడవి అంచున ఒక చిరుత పశువులను ఎత్తుకుపోతుంటే, దాన్ని కొట్టడానికి అనుమతి తెచ్చుకుని బయలుదేరారు. జాడ చూపడానికి ఆయన ఈడువాడే ఒక చెంచు వెంట వచ్చాడు. చిరుత అరవై అడుగుల దూరంలో, కుడివైపుకు తిరిగి నిలబడింది. ఈయన భుజం వెనక గురిపెట్టి కొట్టారు. గుండు భుజానికి తగలలేదు, వెనక పొట్టలో తగిలింది. చిరుత పొదల్లో దూరింది. మర్నాడు నెత్తుటి జాడ వెతుకుతూ ముందు నడిచిన ఆ చెంచు మీద పడింది. అతని ప్రాణం దక్కింది కాని, కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. విల్లు పట్టే చెయ్యి.

పెద్దనాయన ఇంటికి వచ్చి, "రైఫిలు తప్పింది" అన్నారట. తాతగారు అప్పుడేమీ అనలేదు. సంక్రాంతి వెళ్ళినాక, పదిమందినీ పిలిచి, చింతచెట్టుకు కాగితం కట్టించి, వరసగా మూడు తూటాలు కొట్టారు. మూడూ ఒకచోటే పడ్డాయి. అప్పుడు కొడుకువైపు తిరిగి, నవ్వుతూనే, "ఆడలేక మద్దెల ఓడన్నడంట" అన్నారట.

ఆ తర్వాత పెద్దనాయన మళ్ళీ వేటకు పోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట అనేదే లేకుండా పోయింది. తండ్రి వస్తువు కనుక లైసెన్సు మాత్రం వేళకు తిరగరాయించుకుంటూ వచ్చారు. ఆ చెంచు ఇంటికి ప్రతి దసరాకూ డబ్బు పంపేవారు. ముఖం చూపించలేక, తాను మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. ఎల్.బి. నగర్ దాటితే విజయవాడ రోడ్డు మీద హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాము వేటాడిన భూమి అది. ఇప్పుడక్కడ కృష్ణజింకలు నిర్భయంగా తిరుగుతుంటాయి. ఆయన కాళ్ళు ఆడినన్నాళ్ళూ వెళ్ళి, వాటిని చూసి వస్తుండేవారు.

2023 ఏప్రిల్‌లో నన్ను పిలిచి, "బిడ్డా, ఈ రైఫిలు నా తర్వాత ఎవరికీ వద్దు. సర్కారుకు ఇచ్చేస్త. ఇచ్చే ముందల నాకొక్కటి తెలవాలె. నాడు తప్పింది నా చెయ్యా, ఇదా?" అన్నారు.

నాకు ఛందస్సులో గణాలు విడదీయడం వచ్చునుగాని తుపాకి బోల్టు విడదీయడం రాదు. అదృష్టవశాత్తు సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక సుబేదారుగారు తెలిసినవారు. కుర్రవాళ్ళకు షూటింగు నేర్పుతుంటారు. నగరం అవతల ఉన్న ఒక రేంజిలో అనుమతి ఏర్పాటు ఆయనే చేశారు. మెట్రోలో ఆయుధాలు ఎక్కనివ్వరు కనుక కారు మాట్లాడుకుని, లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకుని, మే నెల ఎండలో నేనూ పెద్దనాయనా బయలుదేరాము.

రైఫిలు గుళ్ళు ఎందుకు చెదరుతాయన్న దానికి ఇన్ని కారణాలుంటాయని నాకు ఆనాడే తెలిసింది. సుబేదారుగారు వైద్యుడు నాడి చూసినట్టు ఒక్కొక్కటే చూశారు. తాతగారి నాటి తూటాలను దూరంగా పెట్టించారు. మందు పాతబడితే వేగం ఒక్కో తూటాకు ఒక్కో తీరుగా ఉంటుందట, ప్రమాదం కూడానట. కొత్తగా కొన్న ఇరవై తూటాల పెట్టె ఒక్కటే వాడాలన్నారు. గొట్టంలో పేరుకున్న రాగి మడ్డిని మందు వేసి తోమారు. గొట్టం మూతి అంచున దూది తిప్పి చూశారు. గుండు చివరగా వదిలే చోటు అదే కనుక, అక్కడ చిన్న నొక్కు పడినా గురి చెదురుతుందట. దూది పోగు ఎక్కడా చిక్కలేదు. గురిచూసే మక్ఖీని కదిపి చూశారు, కదలలేదు. కొయ్యనూ ఇనుమునూ కలిపే మరలు కొద్దిగా వదులైతే బిగించారు. చివరకు నన్నడిగి పది రూపాయల నోటు తీసుకుని, గొట్టానికీ దాని కింది కొయ్యకూ మధ్య దూర్చి లాగారు. నోటు ఆ చివరినుంచి ఈ చివరిదాకా సాఫీగా జారింది. "కర్ర ఎక్కడా గొట్టాన్ని తాకడం లేదు. బాగుంది" అన్నారు.

తర్వాత ఇసుక సంచి మీద, గొట్టం కాకుండా కొయ్య ఆనేటట్టు రైఫిలు పెట్టి, నూరు గజాల దూరంలోని కాగితం మీద మూడు తూటాలు కొట్టారు. గొట్టం చల్లారనిచ్చి మరో మూడు కొట్టారు. ఆరు గుళ్ళూ మూడంగుళాల మేరలో పడ్డాయి. అటువంటి తన్ను తన్నే పాత రైఫిలుకు, దుర్భిణీ లేకుండా, అది మంచి గురేనట.

పెద్దనాయన తానూ పట్టి చూస్తానన్నారు. ఆ వయస్సులో ఆ తన్ను వద్దని సుబేదారుగారు మందులేని ఉత్తి తూటా పెట్టి, ఆ మాట చెప్పకుండా ఇచ్చారు. పెద్దనాయన మీట నొక్కారు. టక్కుమంది, పేలలేదు. కాని రైఫిలు మూతి బెత్తెడు కిందికి వంగింది. తన్ను రాకముందే భుజం జంకింది! పెద్ద రైఫిళ్ళు పట్టినవారికి తరచు ఉండే జబ్బు ఇదేనట.

"84 ఏళ్ళ చెయ్యి, 27 ఏళ్ళ చేతికి సాక్షి కాదండీ" అన్నారు సుబేదారుగారు.

పెద్దనాయన ఆ మాట విన్నట్టు లేదు. కారెక్కాక, ఎల్.బి. నగర్ చౌరస్తా వచ్చేదాకా ఒక్క మాటా లేదు. ఇల్లు చేరాక మాత్రం, "మద్దెల మంచిగనే ఉన్నది బిడ్డా. ఆడరానోణ్ణి నేనే" అన్నారు. ఆనాటినుంచి ఆయన సగమైపోయారు. మా ఆవిడ, "సందేహంతో హాయిగా బతుకుతున్న మనిషికి నిజం చెప్పించారు. బాగుంది మీ ఉపకారం!" అన్నది. నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఇదీ ఆ కుర్రవాడు లేచి ప్రశ్న వేసేనాటికి నా పరిస్థితి.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే వాన మొదలైంది. మా వీధిలో మృదంగం నేర్పే మాస్టారొకరున్నారు. మృదంగమన్నా మద్దెలన్నా ఇంచుమించు ఒకటే కదా అని, గొడుగు మడుచుకుంటూ, "మాస్టారూ, మద్దెల ఓడన్న సంగతి ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను. ఆయన మృదంగాన్ని విద్యుద్దీపం పక్కకు జరుపుకుంటున్నారు.

"ఎండలో చూస్తే ఏ మృదంగమైనా మంచిదేనండీ. ఇటువంటి ముసురులో చూడాలి. చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది. పొద్దున పలికిన మృదంగం ఇదేనా అనిపిస్తుంది" అన్నారు.

నేను ఇంట్లోకి పోలేదు. తిరిగి మెట్రో స్టేషనుకు నడిచాను.

"పెద్దనాయనా, చిరుతను కొట్టింది ఏ నెలలో?"

"శ్రావణం. నాలుగు దినాల సంది ముసురు. ఎడ్లబండిల తడుసుకుంటనే పోయినం."

"తాతగారు చెట్టుకు కొట్టి చూసింది?"

"సంక్రాంతి ఎళ్ళినంక."

"మొన్న మనం కొట్టి చూసింది?"

ఆయన జవాబు చెప్పలేదు. కుర్చీలోనుంచి నెమ్మదిగా లేచి, బీరువా తలుపు వంక చూస్తూ నిలబడ్డారు.

ఆ యేడు జూలై ఆఖరున తెలంగాణలో వానలు ఎట్లా దంచికొట్టాయో పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ వారమంతా పెద్దనాయన రైఫిలును బీరువాలోనుంచి తీసి, కిటికీలు తెరిచిన తన పడకగదిలో పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని, దానికి కాపలాగా పడుకున్నారు. వంటమనిషి భయపడి నాకు ఫోను చేసింది కూడా. ఆగస్టు మొదటి ఆదివారం మళ్ళీ రేంజికి వెళ్ళాము. అవే తూటాలు, అదే ఇసుక సంచి, అదే మనిషి. "ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది దొంగో తెలియదు" అన్నది సుబేదారుగారి సూత్రం. ఈసారి మారింది వాన ఒక్కటే.

గొట్టం లోపల తడి లేకుండా తుడిచి, మొదటి తూటా కొట్టారు. కాగితం నడిమికి ఏడంగుళాలు ఎడమగా పడింది. రెండవది నాలుగంగుళాలు ఎడమగా, కొంచెం పైన. మూడవది తొమ్మిదంగుళాలు ఎడమగా, కిందికి. సుబేదారుగారు రైఫిలు కింద పెట్టి నావైపు చెయ్యి చాచారు. పది రూపాయల నోటు ఇచ్చాను. సగం దూరం పోయి, కుడివైపున చిక్కుకుంది. మళ్ళీ లాగితే చిరిగింది.

రైఫిలు పేలినప్పుడు గొట్టం వీణ తీగలాగా అదురుతుందట. ప్రతిసారీ ఒకేలా అదిరితే గుళ్ళు ఒకచోటికి పోతాయి. కొయ్య ఒక పక్క తాకి నొక్కితే ఆ అదురు మారుతుంది. గొట్టం వేడెక్కినకొద్దీ నొక్కుడు మారుతుంది కనుక ప్రతి గుండూ ఒక్కో చోటికి పోతుంది. ఎండాకాలంలో కర్ర ముడుచుకుని పక్కకు జరుగుతుంది. వానాకాలంలో ఉబ్బి గొట్టాన్ని కుడినుంచి ఎడమకు నెడుతుంది. తప్పు ఏడాదిలో ఎనిమిది నెలలు కనిపించకుండా దాక్కుని, నాలుగు నెలలు బయటికి వస్తుందన్నమాట!

సుబేదారుగారు రైఫిలును పాతబస్తీలో తుపాకులు బాగుచేసే ముసలి ఉస్తాద్‌కు చూపించారు. ఆయన ఇనుమును కొయ్యనుంచి విడదీసి, మా ఇద్దరినీ దగ్గరకు పిలిచారు. అక్రోటు కర్ర కుందా పైన నిగనిగలాడుతున్నది. లోపల, ఇనుము కూర్చునే గాడిలో మాత్రం వార్నీషు చుక్క కూడా లేదు. "పంతులుగారూ, షేర్వానీ జరీది, లోపల బనీను లేదు" అన్నారాయన. గాలిలోని చెమ్మనంతా కర్ర అక్కడినుంచే తాగుతున్నది. ఇంకొక సంగతి కూడా బయటపడింది. గొట్టం అడుగున ఒక ఇనుప మడమ ఉంటుంది. పేలినప్పటి తన్నునంతా కొయ్య మీదికి దించేది అదే. దాని వెనక కర్ర ఏళ్ళతరబడి తుపాకి నూనె పీల్చి మెత్తబడింది. పెద్ద తూటా తన్నినప్పుడల్లా ఇనుము వెంట్రుకవాసి కదులుతున్నది.

ఉస్తాద్ ఆ మెత్తని కర్రను చెక్కేసి, గట్టిపడే జిగురుతో మడమకు కొత్త ఆసరా పోశారు. గొట్టం గాడిని గరుకు కాగితంతో అరగదీసి, లోపలంతా చెమ్మ దూరకుండా వార్నీషు పట్టించారు. సెప్టెంబరులో, మళ్ళీ ముసురులోనే, మూడు తూటాలు కొట్టాము. రెండున్నర అంగుళాలలో మూడూ పడ్డాయి. రోగం కుదిరింది కనుక రోగమేమిటో ఖాయమైంది.

నేను ఆ కాగితం పట్టుకుని చిన్నపిల్లవాడిలాగా పెద్దనాయన దగ్గరకు పరుగెత్తాను. "చూశారా! చిరుత కుడివైపుకు తిరిగి ఉంది. గుండు ఎడమకు పోతే పడేది పొట్టలోనే. తప్పు మీ చేతిది కాదు!"

ఆయన కాగితం వంక చాలాసేపు చూశారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. కాని నేననుకున్న మాట అనలేదు.

"అరవై అడుగుల దూరం బిడ్డా. నూరు గజాలకు ఏడంగుళాలు పోతే, గాడికి ఒకటిన్నర పోతది. కడమది నా జంకు. అదొక్కటి. ఇంకొకటి ఉన్నది. అడివికి పోయినంక, ఎవడన్న ఒక్క తూట కొట్టి జూసుకుంటడు. నా తాన పది తూటలుండె. పిసినారితనం కొద్ది కొట్టి జూడలే. తాత రైఫిలు తప్పదన్న గురి తోటి పోయిన. ఎండకాలం నాటి గురి వానకాలంల నమ్ముకున్న."

నేను తెలుగు మేష్టరును. "గురి" అన్న మాటకు లక్ష్యమనీ, నమ్మకమనీ రెండర్థాలున్నాయని ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. ఆ రెండూ ఒక వాక్యంలో అట్లా పక్కపక్కన నిలబడగా వినడం అదే మొదలు. లెక్కలో కూడా నేను ఓడిపోయాను. నాకు కావలసిన తీర్పు తొందరలో దూరాన్ని మరచిపోయాను. మద్దెల ఓడే, ఆటా తప్పే. ఏది ఎంత అన్నది ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చి, లైసెన్సు తుపాకులు జమ చేయవలసి వచ్చింది. పెద్దనాయన రైఫిలును పోలీసు స్టేషనులో అప్పగించి, ఇక తిరిగి అక్కరలేదనీ, లైసెన్సు రద్దు చేయమనీ కాగితం పెట్టారు. అది అయినాక నాతో ఒక ఉత్తరం రాయించారు. ఆ చెంచు పోయి చాలా ఏళ్ళయింది. ఉత్తరం అతని కొడుక్కు. నేను ఒకటిన్నర పేజీ రాశాను. ఆయన కలం తీసుకుని నా విశేషణాలన్నీ కొట్టేశారు. మిగిలింది మూడు వాక్యాలు: రైఫిలులో లోపం ఉండింది. కొట్టి చూసుకోకుండా మీ నాయనను వెంట తీసుకుపోయాను. తప్పు నాది.

దసరా వెళ్ళాక ఆ ఉత్తరం పట్టుకుని ఇద్దరమూ మన్ననూరు వెళ్ళాము. 57 ఏళ్ళ తర్వాత ఆయన ఆ వాకిట్లో కాలు పెట్టారు. కొడుక్కు యాభై ఏళ్ళుంటాయి. మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, ఉత్తరం నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు. చదివి మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"మా నాయన గూడ గిదే అంటుండె" అన్నాడు. "వానల నా విల్లే నా మాట వినది, ఆ పటేలు తుపాకి ఆయన మాట ఎట్ల వింటదని."

పెద్దనాయన తల వంచుకున్నారు. ఆ మనిషికి మొదటినుంచీ తెలుసు. అతన్ని మేమెవరమూ అడగలేదు, అంతే.